హిమజ పేరు మీద శోకం

హిమజకు ఏడుపు కావాలి. ఎంత వెతికినా దొరకడం లేదు.

నవ్వకండమ్మా, నిజమే చెబుతున్నాను. మనకైతే పిలవకుండానే వచ్చి ఒళ్లో కూర్చుంటుంది. ఆ పిల్లకు మాత్రం ఊరూరా తిరిగినా దొరకలేదు.

నాగావళి ఒడ్డున ఒక ఆశ్రమం, దానికో డిగ్రీ కాలేజీ. అక్కడ బి.ఏ. ఆఖరి ఏడాది పిల్లలు తలా ఒక ప్రాజెక్టు చేసి చూపించాలి. ఒకరు బొమ్మలు గీస్తారు, ఒకరు నాటకం రాస్తారు, ఇంకొకరు సంతలో కూర్చుని బేరాలు ఎలా తెగుతాయో పరిశోధిస్తారు. ఏడాది చివర ఒక సభ. యూనివర్సిటీ నుంచి పెద్దలు వస్తారు. వాళ్లకు నచ్చిన ఒక్క ప్రాజెక్టుకు పైచదువు సీటు. ఆ సీటు రాకపోతే హిమజ చదువు అక్కడితో ఆగినట్టే.

ఆమె తీసుకున్న విషయం శోకాలు. మనవైపు ఆడవాళ్లు చావింట్లో పోయినవాళ్ల పేరు పెట్టి, రాగం తీసి ఏడుస్తారే, అవి.

ఆ పిల్లలకు దారి చూపేది పూర్ణబోధస్వామి. సమాజశాస్త్రం ఆయనే చెప్పేవారు. సన్యాసం తీసుకునే రోజున తన పిండం తానే పెట్టుకుని ఆశ్రమానికి వచ్చినవారాయన. లోకం లెక్కలో ఆ రోజే పోయినట్టు. అందుకే సన్యాసికి పురుడూ లేదు, మైలా లేదు అంటారు. సొంత అన్నగారు పోయారని కబురొచ్చినప్పుడు ఆయన క్లాసులో ఉన్నారట. కబురు విని, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, వదిలిన వాక్యం దగ్గర్నించే మళ్లీ పాఠం అందుకున్నారట. కాలేజీలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు.

మొదట్లో హిమజ ఆయన్ని అడిగింది. "స్వామీ, శోకాలు ఎలా సేకరించాలి?"

"ఏడ్చేవాళ్ల పక్కన కూర్చో."

"కూర్చుని ఏం చెయ్యాలి?"

"ముందు కూర్చోమ్మా."

ఆమె కూర్చోలేదు. తీరిక ఎక్కడిది? పుస్తకాలు చదివింది, పేజీలకు పేజీలు రాసింది. శోకంలో పోయినవాళ్ల పేరు ఎందుకుంటుందో రాసింది. ఏడుపు ముగిశాక అయినవాళ్లు ఎవరో ఒకరు ఆ ఏడ్చినామె తలమీద నీళ్లు పోసి లేవదీయాలనీ, అలా లేవదీయకపోతే ఆ శోకం అక్కడినుంచి కదలదని ఆడవాళ్లు నమ్ముతారనీ రాసింది. చక్కటి భాషలోనే రాసింది. రాసిన పేజీని ప్రేమగా మళ్లీ చదువుకుంది కూడా.

అన్నీ ఉన్నాయి. ఒక్క శోకం లేదు. సభ దగ్గరకొచ్చేసింది.

అప్పుడు ఎవరో గెడ్డవలస దాలమ్మ పేరు చెప్పారు. చుట్టుపక్కల ఎక్కడ చావు జరిగినా దాలమ్మకు కబురెళ్తుందట. ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టి నోరు తెరిస్తే, పంతంపట్టి ఏడవకుండా ఉన్న మగవాళ్లు కూడా గోడవైపు తిరుగుతారట.

హిమజ వెళ్లేసరికి దాలమ్మ అరుగుమీద కాళ్లు చాపుకుని చుట్ట కాలుస్తోంది.

"ఎవులే గుంటా నువ్వు? ఇన్సూరెన్సా?"

"కాదు మామ్మా. కాలేజీ నుంచి వచ్చాను. మీరు శోకం పెడితే రికార్డు చేసుకుంటాను."

దాలమ్మ చుట్ట తీసి, ఆమెను కిందినుంచి పైకి చూసింది. "ఎవులు సచ్చిపోనారు?"

"ఎవరూ పోలేదు."

"సావు నేని ఇంట సోకమేటే? పెల్లి నేకుండా పురుడు పోసుకున్నట్టు!"

హిమజకు నవ్వొచ్చింది. ఆ మాట కూడా రాసుకోవాలనుకుంది. బతిమాలింది. మీ కళ నలుగురికీ తెలుస్తుందంది. దాలమ్మ చుట్ట ఆర్పింది, మళ్లీ వెలిగించింది. సాయంత్రం బస్సు వేళ దగ్గరపడుతోంది. చివరికి ముసలామె మెత్తబడింది. పిల్ల మొహం చూసి జాలిపడిందో, మరి గొంతు దురదపెట్టిందో, ఆ తల్లికే తెలియాలి.

"పేరు నేని సోకం ఉండదే. ఎవులి పేరెట్టమంతావు?"

"ఏదో ఒకటి పెట్టండి."

"ఎవులి పేరెడితే ఆల ఇల్లు ఊరుకుంతాదేటి?"

దూరంగా బస్సు హారన్ వినబడింది. రావడమో, తిరిగి పోవడమో.

"సరే మామ్మా, నా పేరే పెట్టండి. హిమజ."

దాలమ్మ చుట్ట నోట్లోంచి తీసింది.

"మీ యమ్మ ఉందా?"

"ఉంది."

"అడిగినావా ఆయమ్మని?"

"అయ్యో మామ్మా, ఇది ఉత్తుత్తి ప్రాజెక్టే కదా!"

దాలమ్మ లేచింది. చుట్ట పారేసింది. ఇల్లు ఊడ్చింది. నట్టింట్లో ఒక చాప పరిచింది, తలాపు దక్షిణం వైపు. చాప మీద ఎవరూ లేరు. దాని పక్కన కూలబడి, కొప్పు విప్పి జుట్టు రెండు పక్కలా వదిలేసింది. హిమజ ఫోను గడపమీద నిలబెట్టింది.

ఇక అమ్మా, ఆ గొంతు గురించి ఏం చెప్పమంటారు! ఇందాక చుట్ట కాల్చి వేళాకోళాలాడిన మనిషి కాదు. ఎక్కడో గెడ్డ నీళ్ల అడుగునుంచి వచ్చినట్టుంది.

*ఓలమ్మో నా తల్లో హిమజమ్మా,*
*పొద్దు కుంకకముందే పొయ్యార్పీసి ఎల్లిపోనావా,*
*పిలిత్తే పలికే పిల్లవి, పిలుపందని ఊరెల్లినావా,*
*ఒక్క కాలి పట్టీ నా కాడొదిలీసి*
*ఒక్క కాలి పట్టీతో ఏ దారినెల్లినావే…*

చాపమీద ఎవరో ఉన్నట్టే నిమురుతోంది. నుదురు ఉండవలసిన చోట నుదురు, చెంప ఉండవలసిన చోట చెంప. ఆ చెయ్యి ఎక్కడా చాపకు తగలడం లేదు. హిమజ వంగి, ఫోను రికార్డు చేస్తోందో లేదో చూసుకుంది. ఎంత బాగా వస్తోందో అనుకుంది.

వీధి చివర బస్సు హారన్ కొట్టి ఆగింది. అది పోతే రాత్రికి దారి లేదు. హిమజ ఫోను అందుకుంది. దాలమ్మ ఇంకా ఏడుస్తూనే ఉంది.

"థాంక్యూ మామ్మా! సూపర్! మళ్లీ వస్తాను!"

దాలమ్మ ఏడుపు ఆపకుండానే చెయ్యి ఎత్తింది. ఏదో అడుగుతున్నట్టు. హిమజ ఆ చేతికి తన చెయ్యి ఊపి, పరుగెత్తింది.

*

మర్నాడు హాస్టల్లో కూర్చుని శోకం విని రాసుకుంటోంది. 'ఒక్క కాలి పట్టీ నా కాడొదిలీసి' అని రాసింది. రాసి, ఊరికే, కాళ్లవైపు చూసుకుంది.

ఎడమకాలికి పట్టీ ఉంది. కుడికాలు బోసిగా ఉంది.

ఎక్కడో జారిపోయి ఉంటుంది. బస్సెక్కేటప్పుడే అయ్యుంటుంది. కానీ బస్సు పాట తర్వాత కదా? ఆ మాట మనసులోకి రాగానే పుస్తకం మూసేసింది.

అదే గదిలో ఉండే ప్రత్యూషకు రికార్డింగు వినిపించింది. ప్రత్యూష చేతులు రుద్దుకుంది. "నాకు ఒళ్లు జలదరించిందే! సీటు నీదే రాసిపెట్టుకో. కానీ ఇంకోసారి నాకు వినిపించకు తల్లీ."

ఆ మధ్యాహ్నం పంక్తిలో భోజనానికి కూర్చుంది. వడ్డించే సింహాద్రి అటు ప్రత్యూష ఆకులో అన్నం వేశాడు, ఇటు పక్క పిల్ల ఆకులో వేశాడు. మధ్యలో హిమజ ఆకు దాటి వెళ్లిపోయాడు.

"సింహాద్రిగారూ!"

అతను ఉలిక్కిపడి వెనక్కొచ్చాడు. "ఓలమ్మ, ఇక్కడే ఉన్నావా తల్లీ! ఖాళీ ఆకనుకున్నాను."

అందరూ నవ్వారు. హిమజా నవ్వింది. రాత్రి కూడా అతను ఆ ఆకు దాటిపోయాడు. ఈసారి ఆమెకు పిలవాలనిపించలేదు. పిలిచినా వినబడకపోతే?

అమ్మకు ఫోన్ చేసింది. "హలో? ఎవరండీ?" అంది అమ్మ.

"అమ్మా, నేనే."

"హలో? ఏమండీ, ఎవరో చేశారు, మాటే లేదు. ఊపిరి వినబడుతోందంతే." అవతల ఫోన్ పెట్టేసింది.

సిగ్నల్ లేకపోతే అలాగే అవుతుంది. మీకూ నాకూ రోజూ అయ్యేదే. అయినా హిమజ ఆ ఫోను చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తెరమీద ఆ రికార్డింగు పేరు కనబడుతోంది. తనే పెట్టిన పేరు: హిమజ, శోకం.

*

సభ రెండు రోజులుందనగా, ఆమె స్వామి దగ్గరికి వెళ్లింది. సాయంత్రం హారతి అయ్యాక, ఇంకా వెలుతురుండగా. స్వామి తమ కుటీరం ముందు తులసికి నీళ్లు పోస్తున్నారు. తొట్టి నిండుగా ఉంది, అంచున రాగిచెంబు.

భయమని చెప్పుకోవడానికి వచ్చిన పిల్ల, ఆయన్ని చూడగానే గొప్పే చెప్పింది. "స్వామీ, దొరికింది. ఇలాంటి శోకం ఇంతవరకు ఎవరూ రికార్డు చేసి ఉండరు."

"ఎవరు పోయారమ్మా?"

"ఎవరూ పోలేదు స్వామీ. నా పేరు పెట్టించాను."

స్వామి చెంబు పెట్టేశారు. అరుగుమీద కూర్చున్నారు. "వినిపించు."

శోకం మొదలైంది. గూళ్లకు చేరుతున్న కాకులు ఒక్కసారిగా ఊరుకున్నాయి. స్వామి తల వంచుకుని వింటున్నారు. పట్టీ మాట దగ్గర ఆయన చూపు హిమజ పాదాలమీదికి వెళ్లి వచ్చింది. ఏడుపు నడుస్తూ నడుస్తూ ఉండగానే హారన్ మోగింది. ఆ వెంటనే హుషారుగా ఒక గొంతు. 'థాంక్యూ మామ్మా! సూపర్! మళ్లీ వస్తాను!'

టక్కున ఆగిపోయింది.

తన గొంతు తనకే పరాయిగా వినబడింది హిమజకు.

స్వామి లేచారు. తొట్టి దగ్గరికి నడిచారు. చెంబు ముంచి, కట్టుకున్న కాషాయంతోనే, నెత్తిమీద పోసుకున్నారు. మళ్లీ ముంచారు. మళ్లీ పోసుకున్నారు. శ్మశానం నుంచి వచ్చినవాళ్లు ఇంట్లోకి పోబోయే ముందు పోసుకుంటారే, అలా.

సొంత అన్న పోతే తల తడపని మనిషి!

హిమజ ఆయన వెనకాలే పరుగెత్తింది. "స్వామీ! నేను ఇక్కడే ఉన్నాను! స్వామీ, నేను కనబడుతున్నానా మీకు?"

ఆయన నీళ్లు కారుతున్న మొహంతో ఆమెవైపు తిరిగారు.

"ఆవిడకి ఎవరు పోశారమ్మా, నీళ్లు?"

అంతే. తడిబట్టలతో లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

*

పొద్దున్నే మొదటి బస్సుకు హిమజ గెడ్డవలస వెళ్లింది. దాలమ్మ ఇంటి ముందు ముగ్గు లేదు. పక్కింటామె గోడమీదినుంచి తొంగిచూసింది.

"ఎవులమ్మా నువ్వు? ఆల సుట్టానివా? ఆయమ్మ ముద్దొండి ఆ సాప కాడెట్టి కూకుంతాది, తను ముట్టదు, ఎవులితోటీ మాటాడదు. ఎవులు పోనారో సెప్పదు. నీల్లొయ్యడానికి పోతే మీరు కాదంతాది. మేం కాకపోతే మరింకెవులు?"

హిమజ గుమ్మంలో నిలబడింది.

చాప పరిచినది పరిచినట్టే ఉంది. తలాపున ప్రమిద వెలుగుతోంది. దాని పక్కన గ్లాసుతో నీళ్లు, ఆకులో అన్నం, అన్నం పక్కన ఒక వెండి పట్టీ. దాలమ్మ జుట్టు విరబోసుకుని అక్కడే ఉంది. గొంతు పోయింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఆ కదలికలో తన పేరు ఉందని హిమజకు తెలిసింది.

ముసలామె తల ఎత్తింది. ఆశ్చర్యపోలేదు. పొద్దెక్కాక వస్తారని ఎదురుచూసినవాళ్లు వస్తే ఎలా చూస్తామో, అలా చూసింది.

"వొచ్చినావా తల్లీ," అంది గాలిలాంటి గొంతుతో. "ఆకలితో తిరుగుతున్నావు కాబోలు. తిను. నీకే ఎట్టినాను."

పోయినవాళ్లకు పెట్టే ఆకు అది. దాని ముందు చోటు ఖాళీగా ఉంది, సరిగ్గా ఒక మనిషికి సరిపడేంత. నిజం చెబుతున్నాను, హిమజకు మోకాళ్లు వంగాయి. ఎన్నో పూటలుగా ఎవరూ సరిగ్గా వడ్డించని పిల్ల. కూర్చుంటే హాయిగా ఉంటుందనిపించింది. ఇక పిలవనక్కర్లేదు, పలకనక్కర్లేదు.

భగవంతుడు మంచివాడు. ఆ క్షణంలో ఆమెకు నీళ్లు కారుతున్న ఒక మొహం గుర్తొచ్చింది.

పెరట్లోకి పరుగెత్తింది. బిందె నింపింది. దాలమ్మను రెండు చేతులా లేవదీసి, పెరటి బండమీద కూర్చోబెట్టి, తలమీద నీళ్లు పోసింది. జుట్టులోకి వేళ్లుపెట్టి పోసింది. బిందె అయిపోతే మళ్లీ నింపింది. ఎప్పుడు మొదలైందో తెలియదు, తనూ ఏడుస్తోంది.

దాలమ్మ ఒక్కసారి ఊపిరి ఎగబీల్చి, ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"సెయ్యి వెచ్చగుంది," అంది.

ఆ తర్వాత చూడాలమ్మా, ఆ తిట్లు! "దిక్కుమాలిన గుంటా! సగంలో ఒగ్గీసి పోతావా? ఏడిసినోల్లని ఎవులు నేపుతారనుకున్నావు, నీ బస్సా? సెయ్యెత్తి పిలిత్తే టాటా సెప్తావా? ఓలమ్మ, టాటా సెప్పిందమ్మా ఇది!"

గోడమీద పక్కింటామె నవ్వు ఆపుకోలేకపోయింది.

దాలమ్మ చాప తానే చుట్టింది. ప్రమిద తానే కొండెక్కించింది. ఆ ఆకును కాకులకు పెట్టించింది. కొత్తగా పొయ్యి రాజేసి, గంజి కాచి, ఇద్దరికీ ఒకే గిన్నెలో పోసింది. పట్టీ తీసి హిమజ కాలికి పెట్టబోతే కొక్కెం ఊడి ఉంది. పళ్లతో నొక్కి బిగించింది.

"మామ్మా, ఫోన్లోది చెరిపేయనా?"

"ఏడిసిన ఏడుపు ఎనక్కొస్తాదేటే? ఉంచుకో. నలుగురికీ ఇనిపించీకు. అది నీ సావు, ఆల్లది కాదు."

*

సభ రోజు వచ్చింది. పెద్దలు ముందు వరుసలో, పిల్లలు వెనక. ఒక మూల దాలమ్మ, కొత్త చీర కట్టుకుని, కుర్చీ వద్దని నేలమీద. హిమజే తీసుకొచ్చింది. స్వామి ఎప్పటిలా చివరి వరుసలో ఉన్నారు.

ప్రత్యూష చెవిలో అడిగింది. "రికార్డింగు వేస్తున్నావుగా?"

హిమజ వేయలేదు. వేదిక మధ్యలో ఒక చాప పరిచింది. తలాపు దక్షిణం వైపు.

"అయ్యా, నేను శోకాల మీద పని చేశాను. పేరు లేకుండా శోకం ఉండదు. దాలమ్మగారు వచ్చారు. మీలో ఎవరైనా తమ పేరు ఇస్తే మొదలుపెడతారు."

ముందు వరుసలో ఒకాయన నవ్వబోయి మానేశారు. ఇంకొకాయన కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నారు. పక్కనున్న పెద్దావిడ, పుస్తకం మీద తన పేరు రాసి ఉందేమోనన్నట్టు, దాన్ని బోర్లించారు. ఫ్యాన్ల గాలికి చాప అంచు ఒకసారి లేచి, మళ్లీ పడింది, ఎవరో పక్కకు ఒత్తిగిలినట్టు.

"రికార్డింగు ఉందని విన్నాం," అన్నారు మధ్యలో కూర్చున్న పెద్దాయన, గొంతు సవరించుకుని. "అది వేస్తే చాలు కదమ్మా? లేకపోతే మేం మార్కులు దేనికి వెయ్యాలి?"

"ఉందండీ. అది వినిపించేది కాదు."

ఆయన చేతిలోని పెన్నుకు మూత పెట్టేశారు. సీటు పోయిందని హిమజకు అక్కడే అర్థమైంది. అయినా చాప తీయలేదు.

చివరి వరుసలో కుర్చీ కదిలింది. పూర్ణబోధస్వామి నడుచుకుంటూ వచ్చి చాప పక్కన నిలబడ్డారు.

"నా పేరు పెట్టమ్మా."

దాలమ్మ నేలమీదినుంచే ఆయన కాషాయం చూసింది. "నీ పిండం నువ్వెట్టుకున్నోడివి. నీకైతే ఎట్టొచ్చు," అంది. "ఏ పేరు బాబూ?"

"మా అమ్మ పిలిచిన పేరు."

ఆయన ఆ పేరు చెప్పారు. ఆశ్రమంలో ఎవరూ ఎన్నడూ వినని పేరు. పాడిపశువుల్ని కాసుకునే ఇళ్లలో పెట్టుకునే చిన్న పేరు.

"పిండం ఎట్టుకున్ననాడు ఏడిసినోల్లు నేరా?"

"అమ్మ ఏడ్చింది. నేను వెనక్కి తిరగలేదు."

దాలమ్మ లేచి వేదిక ఎక్కింది. చాప పక్కన కూర్చుంది. కొప్పు విప్పింది.

స్వామి ఆమెకు ఎదురుగా నేలమీద కూర్చుని, తల వంచారు.

హిమజ చేతిలో ఫోను ఉంది. దాన్ని బల్లమీద పెట్టింది. దాలమ్మ గొంతు లేచేలోపే వేదిక దిగి, తను తెచ్చుకున్న బిందె తీసుకుని, కుళాయి వైపు నడిచింది. ఆమె రెండు కాళ్ల పట్టీలూ సభ చివరి వరుసదాకా వినబడ్డాయి.